తాత పేరు పెట్టిన కంప్యూటర్

ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లోని ఇంట్లో ఆ రాత్రి పట్టాభి పాత కంప్యూటర్‌లో కొత్తగా లినక్స్ ఎక్కించాడు. మిషన్‌కి ఏం పేరు పెట్టాలని అది అడిగితే, బతికినన్నాళ్లూ డాక్‌లో సరుకు దింపిన తాత పేరు, గవరయ్య అని సరదాగా కొట్టాడు.

అక్కణ్ణుంచి మొదలైంది తంటా. వైఫై దొరకదు. కేబుల్ పెట్టినా నెట్ రాదు. అప్‌డేట్ అంగుళం కదలదు.

"గవరయ్యా, మొండి వెధవా!" అంటూ కేబుల్ పీకేశాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"తాత పేరెట్టి తిడతావేట్రా?" నాయనమ్మ కేకేసింది. "ఆ పేరున్నోళ్లని తిట్టకూడదు. బతిమాలి అడుగు, ఎంత పనైనా సేసేత్తారు."

పట్టాభి పడీపడీ నవ్వాడు. "తప్పయింది తాతా. కాస్త అప్‌డేట్ దింపిపెట్టవా?"

ఫ్యాను గొంతు సవరించుకున్నట్టు గుర్రుమంది. తెర మీద అంకెలు పరుగెత్తాయి. అప్‌డేట్ మొత్తం దిగిపోయింది!

"నాయనమ్మా, పనైపోయిందే!" అని గెంతి, తాతకి దణ్ణం పెడదామని చేతులు జోడించాడు.

వేళ్ల మధ్య పీకేసిన కేబుల్ అలాగే ఉంది. వైఫై బొమ్మ మీద ఇంటూ మార్కు అలాగే ఉంది.

"అయితే ఆయనక్కూడా టీ ఎట్టమంటావేట్రా?" నాయనమ్మ హుషారుగా అడిగింది.

పట్టాభి నోరు తెరవకముందే, ఫ్యాను గొంతు సవరించుకుంది.