పదమూడో స్థానం

“గుడ్లు వద్దు మిస్ డెల్ఫా, కాఫీ చాలు. ముందు ఆ సంగతి చెప్పండి. నిన్న హెరాల్డ్స్ వాళ్ళ ప్రదర్శన ఎలా ఉంది?”

బృందం వెంట తిరిగే వంట లారీ కిటికీ ముందు నిలబడి అడిగాడు కార్బిన్ విట్లాచ్. ఇండియానా ఎండ పొద్దున్నే చురుక్కుమంటున్నా మెడలో నల్ల రుమాలు తీయలేదు మహానుభావుడు. వెనక బడి వ్యాయామశాల నేల మీద పడుకుని లేచిన పిల్లలు నూట యాభై మంది, బాకాల వాళ్ళు, డ్రమ్ముల వాళ్ళు, జెండాల వాళ్ళు, కళ్ళు నులుముకుంటూ వరస కడుతున్నారు. మైదానంలో కవాతు చేస్తూ వాయించే ప్రెయిరీ లాంటర్న్స్ అనే ఆ డ్రమ్ కోర్‌కి ఈ ఏటి ప్రదర్శన కూర్చిన డిజైనర్ కార్బినే. నిన్నటి పోటీలో వాళ్ళకి దక్కింది పదమూడో స్థానం. పన్నెండోది సియర్రా హెరాల్డ్స్ వాళ్ళది. తేడా ఒక్క మార్కులో పదో వంతు. ఈ సాయంత్రం పన్నెండులోపు పడితేనే రేపటి ఫైనల్స్. పడకపోతే సామాను సర్దుకోవడమే. పంతొమ్మిది మంది పిల్లలకి ఈ ఏటితో పోటీల వయసు దాటిపోతుంది. వాళ్ళకి మరో వేసవి లేదు.

“మధ్యలో కొంచెం మార్చవయ్యా” అని మేనేజర్ నిన్న గడ్డం పట్టుకుని బతిమాలాడు. కార్బిన్ వింటేగా! తన ప్రదర్శనలో వేలు పెట్టడమంటే కన్నబిడ్డ ముక్కు కోయడమేనన్నాడు.

నిన్న హెరాల్డ్స్ మైదానంలో ఉన్నప్పుడు అతను గేటు అవతల తన పిల్లల చేత బాకాలు ఊదిస్తున్నాడు. పోనీ, ఫోనులో చూడొచ్చు కదా అంటే, ఎదుటివాళ్ళ పని చూస్తే తన ఊహ మైలపడుతుందట. అందుకే డెల్ఫా దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఈ లారీలో గరిటె తిప్పుతున్న మనిషి ఆవిడ. నిన్న గిన్నెలు ఇంకొకరికి అప్పజెప్పి ఈ వేసవిలో మొదటిసారి స్టేడియానికి వెళ్ళొచ్చింది.

“ఏం చెప్పమంటావు నాయనా,” అంది డెల్ఫా, రొట్టెల మీద గ్రేవీ పోస్తూ. “మైదానం నిండా తెల్ల చెక్కలు. ఇల్లు ఖాళీ చేసే రోజు సామానంతా వాకిట్లో పడేసినట్టు.”

కార్బిన్ పకపకా నవ్వాడు. “వాళ్ళూ చెక్కలు దించారని విన్నాలెండి. మనల్ని చూసి వాత పెట్టుకున్నారు. మనవి చెక్కలు కావు, జ్ఞాపకాల ద్వారాలు. ఊఁ, తర్వాత?”

“తర్వాతేముంది, పిల్లలెక్కడున్నారో వెతుక్కోవాల్సి వచ్చింది. కన్నవాళ్ళు పది గంటలు కారు నడుపుకుని వస్తే, చెక్కల సందుల్లోంచి మోచేతులు చూపించారు.”

“మోచేతులు! అద్భుతం. సముద్రం మీద ప్రదర్శనట వాళ్ళది. అదైనా తెలిసిందా?”

“సముద్రమా? నాకైతే చుక్క నీరు కనబడలేదు.”

కార్బిన్ తొడ చరుచుకున్నాడు. రాత్రంతా లేని ఆకలి ఒక్కసారిగా వేసింది. “రెండు గుడ్లు వెయ్యండి.”

“మైకులో ఎవడో మూలిగాడు కూడా. పన్ను పీకించుకుని తిన్నగా అక్కడికే వచ్చినట్టున్నాడు. మూడు ముక్కలు అర్థమైతే ఒట్టు.”

“అందరూ గొంతులు పెట్టేవాళ్ళే! దానికీ ఒక విద్య ఉండాలి మిస్ డెల్ఫా. మన దాంట్లో గొంతు నాదే. ప్రతి అక్షరం గంట కొట్టినట్టు ఉంటుంది.”

“మధ్యలో మూడు నిమిషాలు పిల్లల చేత పొర్లుదండాలు పెట్టించారు. బాకాలు పక్కన పారేసి!”

“మనవాళ్ళు పొర్లితే అది దుఃఖం. వాళ్ళు పొర్లితే దుమ్ము.” తన మాటకి తనే ముచ్చటపడ్డాడు. అంతలో అనుమానం వచ్చింది. “బాగున్నదంటూ ఏమీ లేదా?”

“లేకేం! డ్రమ్ముల పిల్లలు రేకు మీద వడగళ్ళు పడ్డట్టు వాయించారు. చివర్లో బాకాలన్నీ ఒక్క వరస కట్టి, అడ్డమనేది లేకుండా మా వైపు తిరిగి ఊదారు చూడు, చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నా పక్కన ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పదకొండు నిమిషాల్లో అదొక్క అర నిమిషం.”

కార్బిన్ మూతి ముడిచాడు. “అది పిల్లల గొప్ప. డిజైనర్‌ది కాదు.”

“అదీ నిజమేలే.”

“ఆ కూర్చినవాడెవడో గానీ, వాడికి మైదానం కాదు, కట్టెల అడితి అప్పజెప్పాలి. అంతమంది పిల్లల వేసవిని చెక్కల వెనక పాతిపెట్టాడు వెధవ. సిగ్గుండాలి!”

డెల్ఫా గరిటె పక్కన పెట్టింది. “వాడి స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు నాయనా?”

“ఇదీ ఒక ప్రశ్నేనా? చెక్కలన్నీ ఈ పొద్దుటే లారీలో పడేస్తా. ఆ మైకు గొంతు నొక్కేస్తా. పొర్లే మూడు నిమిషాలూ పిల్లల్ని నిలబెట్టి, జనం వైపు తిప్పి ఊదిస్తా.”

“సాయంత్రంలోపు అయ్యే పనేనా?”

“మధ్యాహ్నానికే అవుతుంది. ఊదడం పిల్లలకి వచ్చు, అడ్డం తప్పుకోవడమే వాడికి రావాలి. ఆ ముక్క ఆ మూర్ఖుడి మొహాన చెప్పే దిక్కు లేకపోవడమే మన అదృష్టం.”

డెల్ఫా చేతులు తుడుచుకుంది. వరసలో నిలబడ్డ పిల్లల వైపు ఒకసారి చూసింది. పళ్ళెం కార్బిన్ చేతిలో పెట్టింది.

“త్వరగా తిను. నీకు చాలా పనుంది.”

“నాకేం పని?”

“దారిలో కార్లు ఆగిపోయి నేను మెట్లెక్కేసరికి హెరాల్డ్స్ వాళ్ళది అయిపోయింది నాయనా.”

కార్బిన్ చేతిలో ఫోర్కు సగంలో ఆగింది.

“నేను చూసింది మనదొక్కటే.”