సెలవివ్వని యజమాని

ఆదివారం ఉదయం చర్చికి బయల్దేరిన ఇశ్రాయేలుకి, గొడుగు చంకలో పెట్టుకుని బట్టల కొట్టుకి పోతున్న మార్కండేయులు ఎదురయ్యాడు. మనిషికి జ్వరం. కళ్ళు పీక్కుపోయాయి.

"ఏమండీ, ఇవాళ కూడానా?"

"ఏం చెయ్యమంటారు! నాకు సెలవెక్కడిది?" అన్నాడు మార్కండేయులు నీరసంగా.

ఇశ్రాయేలు రైల్వే షెడ్డులో ఫిట్టరు. యూనియన్ మనిషి. ఎవరికైనా అన్యాయం జరిగితే ఆయనకి అన్నం సహించదు. జరక్కపోతే అసలు తోచదు. బెజవాడకి బదిలీ అయి, మార్కండేయులు ఇంటి పక్కవాటాలో ఆయన దిగి ఇంకా నెల కాలేదు.

"జ్వరమొస్తే మిగతా గుమాస్తాలకీ ఇంతేనా?"

"వాళ్ళకిస్తాడండీ. వేళకి భోజనానికీ పంపిస్తాడు. నా దగ్గరికొచ్చేసరికే మనసొప్పదు."

"మీ మీద అంత కసేమిటి?"

"ఏమో! మొదట్నించీ అంతే" అని నిట్టూర్చి, మార్కండేయులు గబగబా వెళ్ళిపోయాడు.

ఇశ్రాయేలు చర్చిలో కూర్చున్నాడేగానీ ప్రార్థన మీద మనసు నిలవలేదు. తిరిగొచ్చేసరికి మార్కండేయులు భార్య రావమ్మ అరుగు మీద కళ్ళొత్తుకుంటోంది. మైలవరంలో తన పుట్టింటికి తీసుకెళ్ళి ఆయనకి నాలుగు రోజులు విశ్రాంతి ఇప్పిద్దామని మూటాముల్లె సర్దుకుందట. ఈవిడ స్నానానికి వెళ్ళగానే ఆయన కొట్టుకి జారుకున్నాడట.

"ఆ యజమానితో మీరైనా మాట్లాడి చూడలేదామ్మా?"

"ఎన్నిసార్లో! నా మాటంటే బొత్తిగా లెక్కలేదన్నయ్యగారూ. మీలాంటివాళ్ళు నలుగుర్లో నిలదీస్తే సిగ్గుపడతాడేమో" అంది రావమ్మ, తల వంచుకుని.

ఆ మాట చాలు. ఇశ్రాయేలు కాఫీ అయినా తాగకుండా, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ కాలవ వంతెన దాటి బజారుకి నడిచాడు. ముహూర్తాల రోజులు. కొట్టు పెళ్ళివాళ్ళతో కిటకిటలాడుతోంది.

గుమ్మంలోంచే గర్జించాడు.

"జ్వరంతో ఉన్నవాణ్ణి పీక్కుతినే ఆ యజమానెవడయ్యా? ఇవాళ మార్కండేయులుగారికి సెలవిప్పించందే నేనిక్కణ్ణించి కదల్ను!"

బేరాలాడుతున్న ఆడవాళ్ళు చీరలు ఒళ్ళోకి జార్చి ఇటు తిరిగారు.

చీర మడత పెడుతున్న గుమాస్తా నవ్వాపుకోలేక గల్లాపెట్టె వైపు చెయ్యి చూపించాడు. అక్కడ యజమాని పరుపు మీంచి, ఎవరి మొహమూ చూడలేక గొడుగు తడుముకుంటూ లేస్తున్నది మార్కండేయులే.