అవతలి గట్టు

"తాతగారూ, కాస్త పక్కకి తప్పుకుంటారా?"

గంట మూడుసార్లు కొట్టినా ముందు వెళ్తున్న ముసలాయన వినిపించుకోలేదని హారతి గొంతు పెంచింది.

ఆయన తుప్పు పట్టిన సైకిలు దిగి, దాన్ని గడ్డిలోకి లాక్కుని, "ఆయ్, వెళ్ళమ్మా" అన్నాడు.

ఇది ఆ ఒక్కరోజు సంగతి కాదు. వచ్చిన ప్రతిసారీ ఇదే వరస.

కడియం దాటాక కాలవకి ఇవతలి గట్టు మీద తారు రోడ్డు, దాని నిండా మొక్కల లారీలు. అవతలి గట్టు మీద మాత్రం మూరెడు వెడల్పు మట్టి బాట. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క నర్సరీలు. అటు దాటడానికి మనిషి పట్టేంత చిన్న వంతెన ఒక్కటే ఉంది కాబట్టి బండన్నది అటు రాదు.

మన హారతికి కావలసింది సరిగ్గా అదే.

పోయినేడు ఓ లారీ ఆమె సైకిలుని రాసుకుంటూ పోయింది. విరిగిన చెయ్యి అతుక్కుంది గానీ భయం వదల్లేదు. వెనకాల హారన్ మోగితే చాలు, చేతులు గజగజ వణికేవి.

రాజమండ్రిలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే ఆమె భర్త మహేంద్ర, కంకర దారుల్లో కూడా పోయే లావు టైర్ల సైకిలు కొత్తది కొనిపెట్టాడు. కార్తీకంలో వాళ్ళ సైకిలు జట్టంతా పాపికొండల మధ్య, గోదారి పక్క కొండదారిలో తొక్కబోతోంది. వాళ్ళతో వెళ్ళలేకపోతే ఇక ఈ జన్మలో సైకిలు ముట్టుకోనని హారతి ఒట్టు పెట్టుకుంది.

అందుకే వారానికి నాలుగు రోజులు, తెల్లారగానే మహేంద్ర సైకిలుని కారులో వేసుకొచ్చి వంతెన దగ్గర దింపేవాడు.

ఓ రోజు కాలవకి ఆ పక్కన లారీ హారన్ గట్టిగా మోగింది. అంత దూరానికే హారతి సైకిలు తిన్నగా వెళ్ళి గడ్డిలో పడింది.

ముసలాయనే పరుగున వచ్చి లేపాడు.

"దెబ్బేమైనా తగిలిందామ్మా?"

"లేదండి. నాకు లారీలంటే భయమండి. రోడ్డెక్కలేను. ఈ బాట లేకపోతే నాకిక సైకిలే లేదు."

ఆయన ఆమె సైకిలు ఎత్తి నిలబెట్టాడు.

"నువ్వు చక్రం కేసి చూస్తున్నావు తల్లీ. చూపు దూరంగా పెట్టు. చూపెటుంటే సైకిలటే పోద్ది."

ఆ మాట మంత్రంలా పనిచేసింది. నెల తిరిగేసరికి వణుకు తగ్గింది, వేగం పెరిగింది. వేగం పెరిగేకొద్దీ తాతగారు అడ్డం అనిపించడం మొదలైంది. వెళ్ళేటప్పుడు ఎదురొస్తాడు, వచ్చేటప్పుడు ముందుంటాడు.

"ఈయనకి ఇంట్లో పనేం ఉండదా?" అని మహేంద్ర దగ్గర విసుక్కుంది.

"పెద్దాయన, ఏదో సరదాగా తిరుగుతున్నారు. పోనిద్దూ."

"నేనొచ్చే టైములోనే కుదిరిందా ఆ సరదా?"

చివరికి ఓ రోజు మొహమాటం వదిలేసి అడిగేసింది.

"ఏమీ అనుకోకండి తాతగారూ. మీరు ఇంకో టైములో రాకూడదా? పాపికొండలకి ఇంక నెలరోజులే ఉంది."

"ఇందులో అనుకోడానికేముందమ్మా. ఆయ్, అలాగే."

మర్నాటినుంచి ఆయన కనపడలేదు. బాటంతా హారతిదే.

కార్తీకంలో జట్టుతో వెళ్ళింది. అటు కొండ, ఇటు లోతున గోదారి. మధ్యలో ఓ చోట రోడ్డు మీదికి ఎక్కాల్సొచ్చింది. వెనకాల లారీ హారన్ కొట్టింది. అయినా హారతి చూపు దూరంగా పెట్టింది. చేతులు వణకలేదు. అందరికంటే ఆఖర్న చేరింది గానీ, చేరింది.

అక్కడే కూలబడి ఏడ్చేసి, మహేంద్రకి ఫోన్ చేసింది.

"ముందు తాతగారికి చెప్పాలండీ."

"చెబుదువుగాని. ఇంతకీ ఆయన పేరేంటి?"

పేరు అడగనే లేదని అప్పుడు తట్టింది.

చెప్పాలనుకుందే గానీ, ధైర్యం వచ్చిన మనిషికి ఊరంతా కొత్త దారులే. ఈ వారం, వచ్చే వారం అంటూ మాఘమాసం వచ్చేసింది. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదే కాబోలనుకుని, సిగ్గుపడి, ఓ ఆదివారం బయల్దేరింది. ఈసారి కారు లేదు. రాజమండ్రి నుంచి రోడ్డు మీదే, లారీల పక్కనుంచే తొక్కుకుంటూ వచ్చింది.

వంతెన దాటి ఆగిపోయింది.

అక్కడ బాట లేదు. ఎటు చూసినా మోకాలెత్తు గడ్డి, మధ్యమధ్య తుమ్మ మొక్కలు.

పక్క నర్సరీలో కవర్లలోకి మట్టి నింపుతున్న ఒకావిడని పిలిచి అడిగింది.

"ఏవమ్మా, ఇక్కడ బాట ఉండాలి కదా?"

"ఉండేదండి. అది పోస్టుమాను కుక్కుటేశ్వరరావు గారి సైకిలు బాటండి. కార్తీకం వెళ్ళగానే ఆయన పోయారు కదండీ. ఇంక తొక్కేదెవరు?"

హారతి కళ్ళముందు గడ్డిలోకి లాగిన తుప్పు సైకిలు మెదిలింది.

"అటు ఊళ్ళోకి ఉత్తరాలు తీసుకెళ్ళేవారా?"

"అదెప్పటి మాటండి. రిటైరై రెండేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులని ఈ ఏడు సైకిలు మానేద్దామనుకున్నారు కూడానండి."

"మరి రోజూ ఎందుకు తొక్కేవారు?"

ఆవిడ మట్టి చేతులు చీరకొంగుకి తుడుచుకుంది.

"మీలాగా రోడ్డు మీద రాగలిగే మనిషి కాదంటండి, లారీలంటే భయపడే అమ్మాయెవరో ఇటొచ్చేవారంట, మనం తొక్కకపోతే బాట మూసుకుపోద్ది, ఆ పిల్ల సైకిలు మానేస్తాదని, తను అడ్డమొస్తే విసుక్కుంటాదని, ఆఖరి నెలంతా చీకటుండగానే నాలుగుసార్లు అటూ ఇటూ తొక్కేసి, ఆవిడొచ్చేలోపు ఇంటికెళ్ళిపోయేవారండి."