ఒంటివేడి బ్యాటరీ

"పరీక్ష నేనే చేస్తాను" అంటూ నిధుల సంఘం అధ్యక్షుడు లేచి, కుర్చీలో కూర్చున్న పెద్దావిడ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఆవిడ అల్లుడు ఓ పరిశోధకుడు. ఒంటివేడితోనే కరెంటు పుట్టించే బుల్లి బ్యాటరీని తయారుచేసి, తెచ్చి అత్తగారి చెవి మిషన్లో పెట్టాడతను. అది పనిచేస్తే పరిశోధనకు మళ్లీ నిధులొస్తాయి, లేదంటే ప్రయోగశాలకు తాళమే. గ్రాఫులు చూపించబోతే అధ్యక్షుడు ఆవులించి, కాగితం మీద అందరి బ్యాటరీలూ బ్రహ్మాండంగానే ఉంటాయి, మనిషిని చూపించమన్నాడు.

అతను పరిశోధనలో చేరిన కొత్తలోనే, పాపం, అత్తగారికి చెవుడొచ్చింది. డాక్టరు దగ్గరికి రమ్మంటే ఈ వయసులో నాకెందుకులెమ్మని కొట్టిపారేసింది. భోజనాల దగ్గర అతను బ్యాటరీ గురించి మొదలుపెడితే కంచంలో అన్నం చల్లారిపోయేదే తప్ప మాట ఆగేది కాదు. ఆవిడ మాత్రం "ఆఁ?" అని, ఇంత కూర వడ్డించి వెళ్లిపోయేది. ఆ "ఆఁ?" విన్నప్పుడల్లా అతని మనసు చివుక్కుమనేది. ఆవిడ కోసమైనా దీన్ని సాధించి తీరాలని పట్టుబట్టాడు.

అధ్యక్షుడు ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగాడు. "అమ్మా, మీ అల్లుడు మంచివాడేనా?"

"బంగారం నాయనా" అంది ఆవిడ వెనక్కి తిరగకుండానే. "కాస్త మాటలెక్కువ."

గదిలో అందరూ నవ్వారు. అధ్యక్షుడు ఇంకా నమ్మలేక ఓ గుండుసూదిని నేలమీద జారవిడిచాడు. సూదేదో పడింది, కాలికి గుచ్చుకోకుండా తీయండి అందావిడ. అధ్యక్షుడు వెంటనే సంతకం పెట్టేశాడు. అల్లుడు అత్తగారి చేతులు పట్టుకుని అందరి ముందూ ఏడ్చేశాడు.

ఇంటికొచ్చాక ఆవిడ చెవి మిషన్ తీసి కూతురి చేతిలో పెట్టింది. "మీ ఆయనకు మెల్లగా చెప్పవే. ఇది పెట్టిన మర్నాడే ఆగిపోయింది. ఎలాగూ నిధులొచ్చాయిగా, ఇక నిదానంగా బాగుచేసుకోమను."

కూతురు నోరు తెరిచింది. "మరి ఇవాళ నీకెలా వినపడిందమ్మా?"

అల్లుడు హాల్లో ఫోను పట్టుకుని ఎవరికో బ్యాటరీ సంగతి మొదటినుంచీ చెబుతున్నాడు. ఆవిడ అటోసారి చూసి, వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"నాకసలు చెవుడెక్కడుందే?"