పేరు రాయని శిఖరం

“పేరు రాయందే సీటు లేదు,” అన్నాడు మృత్యుంజయ రావు, కాగితాన్ని బల్ల మీద పోలిరాజు ముందుకు తోస్తూ.

పోలిరాజు కలం ముట్టుకోలేదు.

పర్వతారోహణ క్లబ్బు పెట్టిన ఫొటోల పోటీలో ఆ ఏడాది మొదటి బహుమతి అతనిదే. బహుమతి అంటే డబ్బూ కాదు, కప్పూ కాదు. దసరా పూజల తర్వాత సిక్కిం కొండలకు వెళ్లే బృందంలో ఫొటోగ్రాఫర్ సీటు. వాట్‌గంజ్ అనే ఓడరేవు బస్తీ నుంచి వచ్చిన డాక్ కూలీకి అలాంటి సీటు దక్కడం ఆ హాల్లో చాలామందికి మింగుడు పడలేదు. పడకపోతే మానె.

గోడ మీద ఆ ఫొటో ఉంది. నలుపు తెలుపుల్లో, పొగమంచులోంచి పైకి లేచిన తెల్లటి మొన. ఒక వాలంతా ఎండ, రెండో వాలంతా నీడ. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయినా జనం దాని ముందు నుంచి కదలడం లేదు.

కాగితంలో మూడు గడులు ఖాళీగా ఉన్నాయి. ఎత్తు, ఇంతకుముందు ఎక్కినవాళ్లు, శిఖరం పేరు.

“ఫొటో నచ్చింది గదా బాబూ? పేరుతో పనేటి?” అన్నాడు పోలిరాజు.

“రేపు పేపర్లో వెయ్యాలి.”

“పంపినప్పుడు నాను పేరెట్టనేదు. అయినా పస్టు ఇచ్చినారు.”

న్యాయనిర్ణేత బాగ్చీ బాబు నవ్వుతూ మధ్యలోకి వచ్చాడు. కొండల మీద నాలుగు పుస్తకాలు రాసిన పెద్దమనిషి. బెంగాలీ తప్ప ఇంకోటి మాట్లాడడు.

“పేరు నేను చెబుతా. ఇది కబ్రూ. అరవై ఎనిమిదిలో దీని ఎదురుగా మూడు రోజులు డేరాలో ఉన్నాను. ఆ వాలు నాకు తెలీదా? చూడు భాయ్, ఇన్నేళ్లూ నువ్వు పంపినవన్నీ వెనక్కి కొట్టాం. ఎందుకో తెలుసా? వాటిలో కొండలున్నాయి గానీ కొండ ఆత్మ లేదు. ఇందులో ఉంది.”

ఇన్నేళ్లంటే తొమ్మిదేళ్లు. ప్రతి చలికాలం సెలవు పెట్టి, ఫ్యాన్సీ మార్కెట్లో కొన్న పాత కెమెరా మెడలో వేసుకుని, మంచు కొండలు దూరంగా కనబడే సందక్‌ఫూ దాకా నడిచి, వేళ్లు కొంకర్లు పోతుంటే తీసిన ఫొటోలవి. పోలిరాజుకు ఒళ్లు మండింది. కానీ సీటు కావాలి. సందక్‌ఫూ నుంచి కాదు, ఆ మంచు కిందే నిలబడి ఫొటో తియ్యాలి. ఆ ఆశతోనే చెయ్యి కలం దగ్గరికి వెళ్లింది.

వెనక కుర్చీలో కెమెరా సంచీ ఒళ్లో పెట్టుకుని అతని భార్య సన్యాసమ్మ కూర్చుంది.

“ఆ బాబు సెప్పిన పేరే రాసీ,” అంది మెల్లగా. “సీటు నీదవుతాది.”

అప్పుడే మృత్యుంజయ రావు జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. క్లబ్బుకు అతను కార్యదర్శి, పగలంతా పోర్టు ఆఫీసులో ఆఫీసరు.

“ఒక్క నిమిషం. మొన్నటి చలికాలం తీసిన ఫొటోలకే కదా పోటీ? హాజరు పట్టీ చూసే వచ్చాను. ఈసారి నీకు సెలవు ఇవ్వలేదు. నువ్వు ఒక్క రోజు కూడా డ్యూటీ మానలేదు. కొండకు ఎప్పుడు వెళ్లావు?”

“ఎల్లనేదు.”

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

“మరి ఫొటో?”

“నానే తీసినాను.”

“వెళ్లకుండా ఎలా తీశావయ్యా? ఎవరి నెగెటివ్ కొట్టేశావు? దొంగతనం చేసి పైగా పొగరొకటి! మీ కూలీల యూనియన్ జెండా ఇక్కడ చెల్లదు. సామాన్లు మోసేవాళ్లు కావాలి, ఇష్టమైతే ఆ పనికి రా.”

బాగ్చీ బాబుకు కోపం వచ్చింది. అయితే అది పోలిరాజు మీద కాదు.

“నేను గుర్తుపట్టిన కొండను కాదంటారేమిటి రావు గారూ? హాజరు పట్టీల్లో తప్పులుండవా? పోలిరాజూ, నువ్వు కబ్రూ అని రాసెయ్. మిగతాది నేను చూసుకుంటా.”

సీటు ఇంకా చేజారిపోలేదు. ఒక్క మాట రాస్తే చాలు. పోలిరాజు తిరిగి భార్య వైపు చూశాడు.

దొంగ అన్న మాట సన్యాసమ్మకూ తగిలింది. సంచీ భుజాన వేసుకుని లేచి నిలబడింది.

“దొంగంటాడేటి నిన్ను? సీటు పోతే పోయింది. ఉన్నది ఉన్నట్టు రాసీ మావా!” అంది, హాలంతా వినబడేలా.

పోలిరాజు కలం అందుకున్నాడు. తెలుగు కన్నా బెంగాలీ అక్షరాలే అతనికి బాగా వచ్చు. మూడు గడులూ గబగబా నింపి, కాగితాన్ని మృత్యుంజయ రావుకు ఇవ్వకుండా బాగ్చీ బాబు చేతిలో పెట్టాడు.

“మీరే సదవండి బాబూ. అందరికీ ఇనబడాల.”

హాల్లో ఉన్న పేపరువాళ్లు నోటు పుస్తకాలు తెరిచారు. బాగ్చీ బాబు కళ్లజోడు సవరించుకుని, సభల్లో చదివే గొంతుతో మొదలుపెట్టాడు.

“ఎత్తు, ఇరవై నాలుగు అడుగులు. ‘వేల’ అని రాయడం మరిచావోయ్!” అని నవ్వి, తర్వాతి గడిలోకి వెళ్లాడు. “ఇంతకుముందు ఎక్కినవాళ్లు, మా గ్యాంగు ముప్పై మంది, రోజూ, నెత్తిన గంపలతో.”

నవ్వు ఆగిపోయింది. కానీ చదవడం అలవాటైన గొంతు ఆగలేదు.

“శిఖరం పేరు, ఖిదిర్‌పూర్ డాక్‌లో ఉప్పు కుప్ప.”