‘లేదు’ అనని ఊరు

“లేదని ఎవరన్నారండీ? లేదనే మాటే మా దగ్గర లేదు” అన్నాడు గుమాస్తా నొచ్చుకుంటూ.

ఆమె పక్క కుర్చీలో తమ్ముడు గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. అతను బోర్డులకూ గోడలకూ రంగులు వేసేవాడు. నిచ్చెన మీంచి పడి తలకు దెబ్బ తగిలాక పని పోయింది, మతి సగం పోయింది. పొయ్యి వెలిగించి మర్చిపోతాడు. తలుపు తీసి ఉంటే ఎటో వెళ్ళిపోతాడు. మొన్నామధ్య రైలు పట్టాల పక్కన దొరికాడు. ఇన్నాళ్ళూ కింద వాటా పిన్నిగారు పగటిపూట కనిపెట్టుకుని ఉండేది. ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతోంది. రేపటినుంచి ఇతన్ని ఎవరి దగ్గర వదలాలి? ఆమె ఉద్యోగానికి వెళ్ళకపోతే ఇల్లు గడవదు. వెళితే తమ్ముడు దక్కడు. అందుకే సగం రోజు సెలవు పెట్టి, అతన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

“మా కేంద్రంలో పుట్టుకతో లోపం ఉన్నవాళ్ళనే చేర్చుకుంటాం. మీ తమ్ముడిది మధ్యలో వచ్చింది. మీకు తెలియనిదేముంది మేడం! దెబ్బలు తగిలిన కేసులన్నీ ఎదురుగా ఉన్న వైద్యం ట్రస్టు వాళ్ళవి” అన్నాడు గుమాస్తా. గుమ్మం దాకా వచ్చి మరీ దారి చూపించాడు.

ఆ ఊళ్ళో సేవాసంస్థలకు కరువు లేదు. ఒకప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. ఒకే వీధికి ముగ్గురొచ్చి దుప్పట్లు పంచేవారు, పక్క వీధి చలికి వణుకుతూ ఉండేది. తర్వాత అందరూ ఒక్క తాటి మీదికి వచ్చారు. ఏ పని ఎవరిదో పంచుకున్నారు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. వచ్చిన మనిషికి లేదని చెప్పకూడదు, ఆ పని ఎవరిదో వాళ్ళ దగ్గరికి పంపాలి. ఈ సంగతి అందంగా రాయించి, పటం కట్టించి అన్ని ఆఫీసుల్లోనూ తగిలించారు. ఆమె ఎక్కడా దాని వంక చూడలేదు.

ట్రస్టు మేనేజరు కుర్చీలోంచి లేచి ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. కాఫీ తెప్పించాడు.

“అక్కా, ఈ గోడకి లప్పం సరిగ్గా పట్టించలేదు. వర్షాలొస్తే పెచ్చులూడిపోతుంది చూడు” అన్నాడు తమ్ముడు.

“పనితనం మాత్రం ఎక్కడికీ పోలేదండీ!” అని నవ్వాడు మేనేజరు. తర్వాత గొంతు తగ్గించాడు. “మా వంతు వైద్యం వరకే. మాత్రలిస్తాం, పరీక్షలు చేయిస్తాం. పగలంతా మనిషిని ఉంచుకోవడం మాది కాదు. ఒకప్పుడైతే ఏదో మూల కూర్చోబెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఒప్పందం ఉంది కదా. మీరే చెప్పండి, దాటమంటారా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

మనుషుల్ని పగలంతా చూసుకునేది ముసలివాళ్ళ కేంద్రం. అక్కడి పెద్దావిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని చాలాసేపు నిమిరింది. వయసు చాలదని చెప్పడానికి నోరు రాక, ఇక్కడ అందరూ తల నెరిసినవాళ్ళేనంది.

“జుట్టు తెల్లబడితే చేర్చుకుంటారా?” అడిగాడు తమ్ముడు.

“ఎందుకు చేర్చుకోం నాయనా!”

“అయితే తెల్లరంగు వేసుకుంటానక్కా. ఒక్క కోటు చాలు.”

గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. పోట్లాడాలన్నా ఎవరో ఒకరు కాదనాలి. ఇక్కడ ఎవరూ కాదనడం లేదు. అందరూ మంచివాళ్ళే. అందరూ చెప్పేది సబబుగానే ఉంది. మధ్యలో తమ్ముడు మాత్రం ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

పెద్దావిడ కళ్ళు తుడుచుకుని ‘ఆశ్రయం’ అనే సంస్థ పేరు చెప్పింది. ఆశ్రయం బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. అంతా శ్రద్ధగా విన్నది.

“మాది ఎవరూ లేనివాళ్ళకండీ. ఆయనకి మీరున్నారు కదా!”

“నేను లేకపోతే తీసుకుంటారా?”

అమ్మాయి బెదిరిపోయింది. “అవేం మాటలండీ! ఉండండి, ఇలాంటి వాటికి ఒకావిడ ఉన్నారు. సమన్వయకర్త అంటారు. ఏ సంస్థ కిందకీ రాని కేసులు ఆవిడే చూస్తారట. ఈ సంస్థలన్నిటినీ కూర్చోబెట్టి కలిపింది కూడా ఆవిడేనట.”

“ఆవిడైనా ఏం చేయగలదమ్మా?”

“అయ్యో, అంతమందిని కలిపిన మనిషి! ఆవిడ తలుచుకుంటే కానిదేముంటుంది? ఒక్కసారి వెళ్ళి మీ బాధ చెప్పుకోండి.”

అమ్మాయి మొహంలో ఉన్న నమ్మకం చూసి ఆమెకు జాలేసింది. సెలవు సగం రోజుకే. అదీ అయిపోవచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని నడిచింది. ఎండలో అతను ఆకలి అన్నాడు. బండి దగ్గర రెండు అరటిపళ్ళు కొనిచ్చింది.

సమన్వయకర్త గది మేడ మీద. తలుపుకు తాళం వేసి ఉంది. వరండాలో బెంచీ మీద జనం నిండిపోయి ఉన్నారు. చంకలో పిల్లతో ఒకామె, కట్టు కట్టిన కాలు చాపుకుని ఒకాయన, ఇంకా ఎవరెవరో. అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

“కొత్తగా వచ్చారా?” అన్నాడు కట్టు కాలాయన, కాస్త జరిగి చోటిస్తూ. “కూర్చోండమ్మా. మేమూ అన్ని చోట్లా తిరిగి తిరిగి వచ్చినవాళ్ళమే. ఇక్కడ తేలిపోతుందని పంపించారు. ఆవిడ మధ్యాహ్నానికి వస్తారట.”

“ఆవిడ వస్తే మనకి భయం లేదు” అంది పిల్లతల్లి.

ఆమె తమ్ముణ్ణి ఆ బెంచీ చివర కూర్చోబెట్టి, సంచిలోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచి, లోపలికి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.