కనకాంబరాల తడి

సందీప్ ఇంట్లో కుంగిన హాలు గచ్చుకు చిల్లులు పొడిచి, లోపలికి సిమెంటు పాలు ఎక్కిస్తున్నారు. ఇంజినీరు టార్చి వేసి చూపించాడు. గచ్చు కింద నల్లమట్టి ఎండి నెర్రెలు విచ్చింది.

“తడి ఎక్కువై కుంగిందనుకున్నానండి,” అన్నాడు సందీప్.

“తడి లేకేనండి. ఈ మట్టి ఎండితే కుంచించుకుపోద్ది. ఈ గోడ వెంట ఇదివరకు మొక్కలుండేవాండి?”

“పక్కింటివాళ్ల కనకాంబరాలుండేవండి,” అన్నాడు సందీప్. నిరుడు గోడకు సన్నని బీట కనబడగానే, మొక్కలకు నీళ్లు పోసి తన ఇల్లు కుంగదీస్తున్నారని పక్కింటి రత్నమాణిక్యంగారి మీద వీధిలో నిలబడి కేకలేశాడు. ఆవిడ ఆ రోజే కనకాంబరాలన్నీ పీకేసింది.

సాయంత్రం సందీప్ ట్యూబు పట్టుకుని గోడ వెంట మట్టి తడుపుతుంటే, ఆవిడ కంగారుగా బయటికొచ్చింది.

“వద్దు బాబూ, నీళ్లు కట్టెయ్యండి! మీ ఇల్లు కుంగిపోద్ది.”